లక్డారం వానలో ఎనిమిది

ఇరవయ్యేడేళ్ళుగా బండి నడుపుతున్న తండ్రికీ, నెల కిందటే హ్యాండిల్ పట్టిన కూతురికీ ఒకే రోజు డ్రైవింగ్ టెస్టు. పైగా ముసురు. చుట్టూ టిప్పర్లు, రాతిపొడి, బురద... ఎదురుగా తెల్లగీతలతో గీసిన ఒక అంకె!

రేకుల కప్పు మీద వాన చప్పుడు వింటూ ముసుగుతన్ని పడుకోవడం కన్నా సుఖం మరొకటి లేదంటారు. నిజమే. కానీ ఆ పొద్దున డ్రైవింగ్ టెస్టు ఉన్నవాడి దగ్గర మాత్రం ఆ మాట అనకండి!

2024 జూలై. పుష్యమి కార్తె. ముసురు పట్టి అప్పటికి నాలుగు రోజులు. కుండపోత కాదు, అలాగని తెరిపీ ఇవ్వదు. నాలుగున్నరకే మెలకువ వచ్చింది. తలుపు తీసి చూస్తే వీధి దీపం వెలుగులో సన్నటి చినుకులు ఏటవాలుగా పడుతున్నాయి. వాకిట్లో బండి సీటు మీద కప్పిన గోనెపట్టా తడిసి ముద్దయింది.

‘ఇంకా పడుతుందా డాడీ?’ వెనక నుంచి మా అమ్మాయి గొంతు. అంటే తనూ నిద్రపోలేదన్నమాట.

ఆ రోజు టెస్టు మా ఇద్దరికీ. తనకి పంతొమ్మిదేళ్ళు. నాకు నలభై ఏడు. తను బండి నేర్చుకోవడం మొదలుపెట్టి నెల దాటింది. నేను ఇరవయ్యేడేళ్ళ నుంచి నడుపుతున్నాను. మరి ఇన్నేళ్ళూ లైసెన్సు? లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఈ మాట చదివి మెల్లగా తల దించుకునేవాళ్ళు ఇంటికొకరైనా ఉంటారని నాకు తెలుసు.

సెలవు పెడితే జీతం కోత

మాది నారాయణఖేడ్ దగ్గర పల్లె. 1997లో పని వెతుక్కుంటూ ఈ పారిశ్రామికవాడకి వచ్చాను. ఇస్నాపూర్‌లో అద్దెలు ఎక్కువని లక్డారంలో ఒక గది తీసుకున్నాను. ఫ్యాక్టరీకి వెళ్ళిరావడానికి సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాను. ఏపీ 23 నంబరు. అప్పట్లో మనది మెదక్ జిల్లా కదా. రూమ్మేటు ఒకడు సాయంత్రం పూట ఖాళీ స్థలంలో నేర్పాడు. ‘క్లచ్ మెల్లగ ఇడువు, రేజ్ ఇయ్యి, భయపడకు’. నేను చదువుకున్న డ్రైవింగ్ స్కూలు సిలబస్ మొత్తం అంతే!

లైసెన్సు తీసుకోవాలని అనుకోకపోలేదు. కానీ ఆఫీసుకి వెళ్ళాలంటే ఒక రోజు సెలవు. సెలవంటే ఒక రోజు జీతం. ఒక్కసారితో అయిపోతుందా? నేర్చుకునేవాళ్ళిచ్చే ఎల్.ఎల్.ఆర్. కోసం ఒకరోజు, అసలు టెస్టుకి ఇంకోరోజు. ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకున్నాను. వచ్చే నెల రావడానికి ఇరవయ్యేడేళ్ళు పట్టింది. ఈలోగా మెదక్ జిల్లా విడిపోయి 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా వచ్చింది. బండి మారి టీఎస్ 15 నంబరు వచ్చింది. ఆ తర్వాత టీఎస్ కూడా పోయి టీజీ వచ్చింది. అన్నీ మారాయి. నేను మాత్రం లైసెన్సు లేకుండానే తిరుగుతున్నాను.

గేటు లేని గేటు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు వెళ్ళినవాళ్ళలో చాలామంది లక్డారం పేరు వినే ఉంటారు. అంటే ఊరు చూశారని కాదు, ‘లక్డారం గేటు’ అన్న మాట విన్నారని. హైవే మీద ఊరి దారి చీలే చోటుని మా వైపు గేటు అంటారు. అక్కడ గేటూ ఉండదు, తలుపూ ఉండదు. బస్సులో కండక్టరు ‘గేటు, గేటు’ అని అరుస్తాడు. దిగిన మనిషి అక్కడి నుంచి ఆటో ఎక్కాలి, లేదంటే నడవాలి.

ఈ హైవేకి ఇప్పుడు 65 అన్న నంబరు. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోతుంది. 2010లో నంబర్లు మార్చకముందు ఇది తొమ్మిదో నంబరు హైవే. పెద్దవాళ్ళకి ఎప్పటికీ బొంబాయి రోడ్డే. ముత్తంగి దగ్గర దీన్ని ఔటర్ రింగ్ రోడ్డు దాటుతుంది. నున్నగా అద్దంలా ఉండే ఆ రింగ్ రోడ్డు మీదకి ద్విచక్రవాహనాలను రానివ్వరు. మనకి పక్కనుండే సర్వీసు రోడ్డే గతి. ముత్తంగి దాటితే ఇస్నాపూర్, పాశమైలారం ఫ్యాక్టరీలు. షిఫ్టు మారే వేళ అక్కడ నిలబడి చూడాలి. కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకున్న బైకులు, నడిచిపోయే బీహార్, ఒడిశా కుర్రాళ్ళు. ఏ మనిషిని కదిపినా ఏదో ఒక ఊరి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే. ఆ మరుసటి ఏడాది, 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళంతా ఇలా పొద్దున్నే ఈ రోడ్ల మీద పనికి బయల్దేరినవాళ్ళే.

ఇంకాస్త ముందుకెళితే రుద్రారం. అక్కడ రోడ్డు పక్కనే గణేశ్‌గడ్డ సిద్ధి గణపతి గుడి. నా బళ్ళకి పూజ చేయించింది అక్కడే. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కి పూలదండ వేసి... అన్నీ సక్రమంగా చేయించాను. లైసెన్సు తప్ప!

ఇక లక్డారం అంటే అందరికీ గుర్తొచ్చేది రాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళంటారు. అంత పాత బండని పేల్చి, పగలగొట్టి, క్రషర్లలో వేసి కంకర చేస్తారు. నగరంలో లేచే అపార్టుమెంట్లకీ ఫ్లైఓవర్లకీ కంకర వెళ్ళేది ఇలాంటి ఊళ్ళ నుంచే. టిప్పర్ల వెనక తలుపు సందుల్లోంచి డస్టు రాలుతూనే ఉంటుంది. ఎండాకాలంలో దారి పక్క వేపచెట్లు సైతం బూడిదరంగులోకి మారతాయి. వాన పడిందా... ఆ డస్టే రోడ్డంతా నానబెట్టిన పిండిలా పరుచుకుంటుంది.

పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ పెట్టినప్పుడు, ఎర్రనేలా నల్లరేగడీ రెండూ ఒకేచోట దొరకడం ఈ ప్రాంతానికి కలిసొచ్చిందట. మెట్ట పంటల శాస్త్రవేత్తలకి అది వరం. ఇక్కడ బండి నడిపేవాళ్ళకి మాత్రం రెండు రకాల పరీక్ష. తడిసిన ఎర్రమట్టి మీద చక్రం జారుతుంది. నల్లరేగడి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డులో కూరుకుపోతుంది. రాతిపొడి ఈ రెండింటికన్నా ఘోరం. చూడటానికి గట్టి రోడ్డులాగే ఉంటుంది. బ్రేకు మీద కాలు పెడితేగానీ దాని సంగతి తెలియదు.

రసీదులన్నీ ఉన్నాయి, లైసెన్సే లేదు

ఇంత కాలం లేనిది ఉన్నట్టుండి నాకు బుద్ధి ఎందుకొచ్చిందో చెప్పాలి.

మా షిఫ్టులో నా పక్క మెషీన్ మీద పనిచేసే అతను... పదిహేనేళ్ళ స్నేహం. 2021 వానాకాలంలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోతూ హైవే మీద యూటర్న్ దగ్గర లారీ కింద పడ్డాడు. వాన పడుతోంది. ఎదుటి బండి లైట్లు తడి రోడ్డు మీద మెరుస్తుంటే అది ఎంత దూరంలో ఉందో తెలియదు. ‘పోవచ్చులే’ అనుకున్నట్టున్నాడు. అంతే.

అతను జాగ్రత్తపరుడు. బండి బీమా ఏ ఏడాదీ తప్పలేదు. ఆ బీమాలో యజమాని తనే బండి నడుపుతూ చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే భాగం ఒకటి ఉంటుంది. 2018లో ఆ మొత్తాన్ని 15 లక్షల రూపాయలకి పెంచారు. అయితే దానికో షరతు. నడిపే యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. అతని భార్య కాగితాల కవరు పట్టుకుని తిరగని చోటు లేదు. ప్రీమియం రసీదులన్నీ వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి. లైసెన్సే లేదు. డబ్బు రాలేదు. ఆమె ఇప్పుడు ఒక క్యాంటీన్‌లో వంటపని చేస్తోంది.

2024 మే నెలలో ఒక పెళ్ళిలో ఆమె మా ఆవిడ పక్కన కూర్చుంది. భోజనాల దగ్గర మెల్లగా అడిగిందట... ‘వదినా, అన్నకు లైసెన్స్ ఉన్నదా?’ అని.

మా ఆవిడ నాతో గొడవపడలేదు. ఇంటికొచ్చాక ఆ ఒక్క మాటా చెప్పి ఊరుకుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మా అమ్మాయే ఫోన్లో స్లాట్ చూసి ఇద్దరికీ ఎల్.ఎల్.ఆర్. బుక్ చేసింది. తనకీ కావాలి కదా, కాలేజీకి పోవడానికి రోజుకి రెండు ఆటోలు మారుతోంది.

జారే రోడ్డుని వంకర రోడ్డన్నాను!

ఎల్.ఎల్.ఆర్. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ట్రాఫిక్ గుర్తుల మీద ప్రశ్నలకి జవాబులివ్వడం. అరవై శాతం వస్తే పాసు. మా అమ్మాయి అన్నీ సరిగ్గా పెట్టి బయటికొచ్చింది. నేను ఎలాగో గట్టెక్కాను. తప్పయిన వాటిలో ఒకటి ఇప్పటికీ గుర్తు. ఎర్ర త్రికోణంలో కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు. ‘ముందు వంకర రోడ్డు’ అని నొక్కాను. కాదట... ‘ముందు జారే రోడ్డు’ అట! ఇరవయ్యేడేళ్ళుగా జారే రోడ్డు మీద తిరుగుతున్నవాడికి దాని గుర్తు తెలియదు.

ఎల్.ఎల్.ఆర్. చేతికొచ్చాక ముప్ఫై రోజులు గడిస్తేగానీ అసలు టెస్టుకి వెళ్ళకూడదు. ఆరు నెలల్లోపు పూర్తి చేయాలి. ముందూ వెనకా తెల్లరంగు మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం పెట్టుకోవాలి. ఇంకో నిబంధన కూడా ఉంది. నేర్చుకునేవాళ్ళు బైకు మీద ఎవరినీ ఎక్కించుకోకూడదు. లైసెన్సు ఉండి, నేర్పడానికి కూర్చునేవారికి మాత్రమే మినహాయింపు. ఆ లెక్కన మా ఇంట్లో వెనక కూర్చునే అర్హత ఎవరికీ లేదు. వ్యాన్ నడిపే మా బావమరిదిని పిలిపించాం.

ఆదివారాలు క్రషర్ల దారిలో టిప్పర్లు తగ్గుతాయి. ఊరి బయట వెడల్పాటి చోటు చూసి సున్నంతో పెద్ద ఎనిమిది గీశాడు మా బావమరిది. ‘బావా, నువ్వు కూసో. నీకేమక్కర?’ అన్నాడు నాతో. నేనూ అదే అనుకున్నాను. గట్టు మీద కూర్చుని సలహాలివ్వడం మొదలుపెట్టాను.

మా అమ్మాయి మొదటివారం మూడుసార్లు పడింది. మోచేయి గీరుకుపోయింది. మూడోవారం వాన పట్టుకుంది. ‘ఇయ్యాల వద్దులే మామా’ అని తను అనలేదు. అనాలని నేను ఎదురుచూశాను! తడిసిన డస్టు మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కింది. చక్రం ఆగింది, బండి ఆగలేదు. పక్కకి ఒరిగి కూలబడింది.

మా బావమరిది పరుగెత్తలేదు. తను లేచి బండి లేపేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు. ‘ముందు బ్రేక్‌ను రెండు వేళ్ళతోని అడుగు. చేత్తోని గుంజకు. రెండు బ్రేక్‌లు కలిపి మెల్లగ వట్టు. తెల్లగీత మీద అసలే వట్టకు, వానల అది సబ్బు తీర్గ ఉంటది.’

అతని మాటల్లో చాలా శాస్త్రమే ఉంది. చాలా రోజుల తర్వాత పడే తొలి చినుకులు ఎందుకు ప్రమాదం? రోడ్డు మీద అప్పటిదాకా కారిన ఆయిలు, డీజిలు నీటిమీద తేలుతాయి. గట్టివాన పడితే కొట్టుకుపోతాయి. ముసురైతే పోవు, జిడ్డులా అంటుకుని ఉంటాయి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అంటే మనం ‘అమ్మో’ అనుకుని బ్రేకు నొక్కేలోపే మూడు కార్ల పొడవు దాటేస్తాం. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది. తడి రోడ్డు మీద అది మరింత ఆలస్యం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మాది 2017 నాటి వందసీసీ బండి. దానికి ఉన్న ఏబీఎస్ అల్లా మా వేళ్ళే.

ఇంకో మాట కూడా పదేపదే చెప్పాడు. ‘చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతది. చక్రం దిక్కు చూడకు. నువ్వు పోయే దిక్కు చూడు.’ ఇది తనకి చెబుతున్నాడు కదా అని నేను వినలేదు.

‘వానొస్తే ఇంట్ల కూసుంటరా?’

టెస్టు రోజు ఆరున్నరకి బయల్దేరాం. కలిసి కాదు. బండి మీద నేను ఒక్కడినే, మా అమ్మాయి షేర్ ఆటోలో. ‘ఈ ఒక్క రోజుకి ఎక్కితే ఏమవుతుంది, తడుస్తావు’ అన్నాను. ‘టెస్టుకి పోతూ రూలు తప్పుదామా డాడీ?’ అంది. నోరు మూసుకుని రెయిన్‌కోటు తొడుక్కున్నాను.

మేం వెళ్ళేసరికే ట్రాక్ దగ్గర పాతిక మందికి పైగా ఉన్నారు. రేకుల షెడ్డు కింద అందరూ ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డారు. డెలివరీ పనికి లైసెన్సు అడుగుతున్నారని వచ్చిన కుర్రాళ్ళు, ఉద్యోగంలో చేరబోయే ఇంజినీరింగ్ పిల్లలు, ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. నా వయసువాడు ఇంకొకాయన ఉన్నాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. ఏం అడగలేదు. నేనూ అడగలేదు.

ట్రాక్ మీద ఎనిమిది అంకె. తెల్లరంగు గీతలు. రెండు సున్నాలు కలిసే చోట అరచేయి లోతు లేని చిన్న నీటిమడుగు. అందరి కళ్ళూ దానిమీదే.

ఇన్‌స్పెక్టర్ గొడుగు వేసుకుని వచ్చాడు. మా పాతకాలం మాటలో చెప్పాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్. ఎవరో కుర్రాడు ధైర్యం చేసి ‘సార్, వాన తగ్గినంక పెట్టరాదుండ్రి’ అన్నాడు. ఆయన కోప్పడలేదు. ‘లైసెన్స్ ఇచ్చినంక వానొస్తే నడపకుండ ఇంట్ల కూసుంటరా?’ అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ‘గట్టివాన అయితే నేనే ఆపుత. ఇది ముసురు. మెల్లగ నడపండి. కాలు కింద పెట్టొద్దు, గీత దాటొద్దు’.

మొదటి నలుగురిలో ఇద్దరు పోయారు. తర్వాత నా పేరు.

బండి స్టార్ట్ చేశాను. ఏం భయం? ఈ బండి మీద ఏడేళ్ళు, అంతకుముందు బళ్ళ మీద ఇరవై ఏళ్ళు. లక్డారం గేటు నుంచి ఫ్యాక్టరీకి కళ్ళు మూసుకుని పోగలను. మొదటి సున్నా తిరిగాను. బాగానే ఉంది. హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టింది. మధ్యకి వచ్చాను. మడుగు కనిపించింది. దానివైపు చూశాను. దాన్ని తప్పించాలని చూశాను గానీ, చూసింది మాత్రం దానివైపే. బండి అటే పోయింది. ముందు చక్రం తెల్లగీత మీద ఒక్క అంగుళం జారింది. అంతే... నా ఎడమకాలు కిందికి దిగిపోయింది. నేను దించలేదు. అదే దిగింది. ట్రాఫిక్‌లో బండి మెల్లగా అయితే చాలు కాలు ఆనించడం ఇరవయ్యేడేళ్ళ అలవాటు కదా!

‘వారం తర్వాత రండి’ అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంటేనే బాగుండేది.

బండి తోసుకుంటూ షెడ్డు దగ్గరికొచ్చాను. పాతికమందిలోనూ ఎవరి మొహమూ చూడలేదు. మా అమ్మాయి ఎదురొచ్చి తాళం అడిగింది. ఏదో ఒక జాగ్రత్త చెప్పాలని నోరు తెరిచాను. చెప్పడానికి నా దగ్గర ఏముంది? తాళం ఇచ్చాను.

తను మొదటి గేరులో, సగం క్లచ్ మీద, నడిచే మనిషి వేగంతో బయల్దేరింది. అంత మెల్లగా పోతే పడుతుందేమోనని నా గుండె ఆగింది. తల మాత్రం నిటారుగా ఉంది. సున్నా చివర తిరుగుతుంటే తన హెల్మెట్ అప్పటికే తర్వాతి మలుపు వైపు తిరిగి ఉంది. మడుగు మధ్య నుంచే వెళ్ళింది. వెనక చక్రం కొంచెం ఊగింది. తను కిందికి చూడలేదు. బ్రేకు పట్టలేదు. రెండో సున్నా కూడా తిరిగింది. తర్వాత ఆగమన్న చోట ఆగి, చెయ్యి చూపించి, మళ్ళీ బయల్దేరి వచ్చింది.

షెడ్డు కింద ఫ్యాక్టరీ యూనిఫాం ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

మెల్లగా పోవడమే కష్టం

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. టెస్టులో వేగం ఎందుకు చూడరు? వేగంగా పోయే బండి తనంతట తనే నిలబడుతుంది. మెల్లగా పోయే బండిని మనిషే నిలబెట్టాలి. ప్రపంచమంతా ఇదే పట్టు. జపాన్‌లో 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి దిమ్మె మీద బైకు నడిపిస్తారు. ఎంత త్వరగా దాటారని కాదు, ఎంతసేపు నిలిచారని చూస్తారు. మామూలు బైకుకి కనీసం 7 సెకన్లు పట్టాలి, పెద్ద బైకుకి 10. అంతకన్నా ముందే దాటేస్తే మార్కులు పోతాయి. బ్రిటన్‌లో 2009 నుంచి బైకు టెస్టుని రెండు భాగాలు చేశారు. మొదటిదాంట్లో మన ఎనిమిదే ఉంటుంది. దానితోపాటు గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి ఆపి చూపించాలి.

మనకీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చాలానే రాసిపెట్టారు. బయల్దేరే ముందు వెనక చూసుకోవడం, మలుపులో అదుపు, ఎత్తు ఎక్కడం, దిగడం, సైగలు, అత్యవసరంగా ఆపడం. మనం వాటన్నింటినీ ‘ఎనిమిది కొట్టుడు’ అని ఒక్క మాటలో తేల్చేశాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రతి వందమందిలో నలభై నాలుగుకు పైగా ద్విచక్రవాహనాల మీద ఉన్నవాళ్ళే. వాళ్ళలో నా పక్క మెషీన్ అతనిలాంటివాళ్ళు ఎంతమందో!

ఆటోలోంచి చూసిన దారి

తిరుగు ప్రయాణంలో తాళం మా అమ్మాయి ఇవ్వలేదు. ‘నువ్వు ఆటోలో రా’ అంది. పాసయితే అయింది గానీ లైసెన్సు ఇంకా చేతికి రాలేదు. ఎల్ బోర్డుతోనే, ఒక్కతే, ముందు బయల్దేరింది. వెనక షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇరుక్కుని నేను.

ఇరవయ్యేడేళ్ళుగా ఆ రోడ్డుని చూస్తున్నాను. కానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. టిప్పర్ పక్కనుంచి పోతుంటే దాని చక్రాలు చిమ్మే బురదనీళ్ళలో నీలంరంగు రెయిన్‌కోటు కనిపించకుండా పోయేది. మళ్ళీ కనిపించేది. ప్రతిసారీ నా కుడికాలు ఆటో నేలమీద బ్రేకు తొక్కేది. ఆటో డ్రైవర్ చూసి ‘భయపడకు అన్నా, మంచిగనే నడుపుతుంది’ అన్నాడు. ఇన్నేళ్ళూ రాత్రి షిఫ్టు నుంచి నేను వచ్చేదాకా మా ఆవిడ తలుపు దగ్గర ఎలా కూర్చునేదో అప్పుడు తెలిసింది.

యూటర్న్ వచ్చింది. తను ముందే వేగం తగ్గించి, కుడిచెయ్యి చాపి, డివైడర్ పక్కన ఆగింది. ఎదురుగా లారీ వస్తోంది. దూరంగానే ఉంది. నేనైతే వెళ్ళిపోయేవాడిని. తను ఆగింది. లారీ వెళ్ళింది. వెనకే ఇంకొకటి. అదీ వెళ్ళింది. మా వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయడంలేదు. తను కదల్లేదు. రోడ్డు ఖాళీ అయ్యాకే తిరిగింది.

గేటు దగ్గర దిగేసరికి తను బండి పక్కన పెట్టి టీకొట్టు కింద నిలబడి ఉంది. రెండు టీలు చెప్పింది. ‘డాడీ, నువ్వు మడుగు దిక్కు చూసినవ్’ అంది. ‘అవును బిడ్డా’ అన్నాను.

మళ్ళీ టెస్టుకి వారం ఆగాలి. ఆ వారంలోనే తన లైసెన్సు వచ్చేసింది. దాంతో నిబంధనల ప్రకారం నా వెనక సీట్లో కూర్చునే అర్హత ఇంట్లో ఒక్కరికే వచ్చింది. రోజూ సాయంత్రం క్రషర్ల దారిలో సున్నం గీత మీద నేను ఎనిమిది తిరుగుతుంటే, వెనక నుంచి ‘చూపు పైకి డాడీ... కాలు, కాలు!’ అని అరుపులు. గట్టు మీద ఇప్పుడు మా బావమరిది కూర్చున్నాడు. నవ్వుతూ.

రెండోసారి టెస్టు నాడు ఎండ కాసింది. ట్రాక్ పొడిగా ఉంది. మడుగు లేదు. ఎనిమిది రెండు నిమిషాల్లో అయిపోయింది. పాసయ్యాను గానీ, ఎందుకో కొంచెం మోసం చేసినట్టే అనిపించింది.

ముప్ఫై ఏళ్ళలోపు తీసుకుంటే లైసెన్సు నలభై ఏళ్ళు నిండేదాకా చెల్లుతుంది. ముప్ఫై నుంచి యాభై మధ్య తీసుకుంటే పదేళ్ళే. అలా మా అమ్మాయికి ఇరవయ్యొక్కేళ్ళు, నాకు పదేళ్ళు ఇచ్చారు. మా ఆవిడ రెండు కార్డులూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బీమా కాగితాల కవర్లో వాటి జిరాక్సులు పెట్టి బీరువాలో దాచింది.

దసరా సెలవుల్లో ఆమె, క్యాంటీన్‌లో పనిచేసే ఆమె, మా ఇంటికొచ్చింది. పొద్దున ఐదింటికే క్యాంటీన్‌కి చేరాలి, ఆ వేళకి ఆటోలు దొరకడంలేదు, సెకండ్‌హ్యాండ్ స్కూటీ ఒకటి చూశానంది. ఎల్.ఎల్.ఆర్. అప్పటికే తీసుకుందట. కాగితం బ్యాగులోంచి తీసి మా అమ్మాయికి చూపించింది.

‘నాకు నేర్పుతవా బిడ్డా?’

ఆ ఆదివారం క్రషర్ల దారికి వెళ్ళేసరికి మళ్ళీ మబ్బు పట్టింది. సున్నం గీత గీసి ముగించేలోపే చినుకులు మొదలయ్యాయి. నేను ఆకాశం వైపు చూసి, ‘ఇయ్యాల వద్దేమో’ అనబోయాను.

ఆమె అప్పటికే హెల్మెట్ బెల్టు బిగించుకుంటోంది.